అక్రోటు కొయ్య, అవిసె నూనె: అమెరికాలో పాత రైఫిల్ కొయ్యపని చరిత్ర

రైఫిల్‌లోని ఉక్కు గొట్టాన్నీ, తూటాను పేల్చే యంత్రభాగాన్నీ మోస్తూ, ఒక కొస కాల్చేవాని భుజానికి ఆని, రెండో కొస ముందుచేతిలో ఇమిడే కొయ్య భాగాన్ని స్టాక్ అంటారు. సైన్యాలు వాడి వదిలేసిన పాత రైఫిళ్లను కొని వాటి స్టాక్‌ను బాగుచేసుకోవడం, లేదా దానిని పూర్తిగా తీసివేసి తమ చేతికీ భుజానికీ సరిపడే కొత్త కొయ్యను చెక్కి అమర్చుకోవడం అనే అభిరుచి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రూపుదిద్దుకొని, రెండు ప్రపంచయుద్ధాల మిగులు ఆయుధాలతో పెరిగి, 1968 తరువాత దారి మార్చుకొన్నది. మొదటి అరవై ఏళ్లలో సైనిక కొయ్యను కోసి పారవేయడమే పనితనమనిపించుకోగా, ఆ తరువాత అదే కొయ్యను దాని సొట్టలతో, మరకలతో, ముద్రలతో సహా కాపాడడం పనితనమైంది. ఈ మార్పును ఆ రంగంలోనివారు అభిరుచి సంస్కారం పొందడంగా చెప్పుకొంటారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, ధర, చట్టం, సరఫరా అనే మూడింటి పాత్రను చూడకపోతే ఈ కథ సగమే తెలుస్తుంది.

తుపాకీ కొయ్యకు యూరపులో శతాబ్దాల పాటు అక్రోటు చెట్టునే ఎంచుకోవడానికి అందం ఒక్కటే కారణం కాదు. బాగా ఆరిన అక్రోటు కొయ్య వాతావరణం మారినా పెద్దగా వంకరపోదు. బరువుకు తగినదానికంటే ఎక్కువ బలం చూపుతుంది. ఉలి పట్టినప్పుడు నారకు అడ్డంగా కూడా చీలకుండా శుభ్రంగా తెగుతుంది. పేలుడు వెనుకకు తన్నే దెబ్బను పగలకుండా తట్టుకొంటుంది. కాకసస్ నుంచి హిమాలయాల వరకు సహజంగా పెరిగే అక్రోటు జాతి ఒకటే అయినా, కొయ్య వచ్చిన ప్రాంతాన్ని బట్టి వర్తకులు దానిని సర్కేషియన్ అనీ, ఫ్రెంచి అనీ, ఇంగ్లీషు అనీ వేరువేరు పేర్లతో అమ్మేవారు. మన దేశంలో కాశ్మీరు అక్రోటు ఆ జాతిదే. అమెరికాలో పెరిగే నల్ల అక్రోటు వేరే జాతి. దాని రంగు ముదురు గోధుమ, రంధ్రాలు కొంచెం పెద్దవి. స్టాక్‌కు ఈ చెట్ల చేవ భాగమే పనికివస్తుంది. పలకను కోసేటప్పుడు, పిడికిలి పట్టే సన్నని మెడ దగ్గర నార నేరుగా సాగేలా చూడాలి, ఎందుకంటే స్టాక్ విరిగేది ఎక్కువగా అక్కడే. చారలు, సుడులు ఉన్న అందమైన భాగం భుజం వైపుకు రావాలి. ఒక్క పలకలో ఈ రెండు గుణాలూ కుదరడం అరుదు, కాబట్టే మంచి పలకకు ఎప్పుడూ ఎక్కువ ధర పలికింది.

కొయ్యను చేతితో చెక్కినంతకాలం ఏ రెండు స్టాక్‌లూ ఒకే తీరున ఉండేవి కావు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధశాల కోసం థామస్ బ్లాంచర్డ్ రూపొందించి 1819లో పేటెంటు పొందిన తరిమెన యంత్రం ఈ పరిస్థితిని మార్చింది. మామూలు తరిమెన గుండ్రని వస్తువులనే చేయగలదు. బ్లాంచర్డ్ యంత్రంలో ఒక వైపు ఇనుప నమూనా స్టాక్, మరో వైపు ముడి కొయ్య కలిసి తిరుగుతుండగా, నమూనా మీద పాకే చక్రం ఎక్కడ లేస్తే కోత చక్రం అక్కడ లేచి, ఎక్కడ దిగితే అక్కడ దిగి, వంకరటింకర ఆకారాన్ని ఉన్నదున్నట్టు దించుతుంది. గొడ్డలి కామాలు, చెప్పుల అచ్చులు, బండి చక్రాల ఆకులు కూడా తరువాత ఈ పద్ధతిలోనే తయారయ్యాయి. 1850లలో ఇంగ్లండు ప్రభుత్వం తన ఎన్‌ఫీల్డ్ ఆయుధశాలకు మసాచుసెట్స్‌లోని ఏమ్స్ సంస్థ నుంచి స్టాక్ యంత్రాలను కొని తెప్పించి, వాటితోపాటు హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో పనిచేసిన జేమ్స్ బర్టన్‌ను ఇంజనీరుగా పిలిపించుకొన్నది. అప్పటి నుంచి సైనిక కొయ్య ఎవరి శరీరానికీ ప్రత్యేకంగా సరిపోని, అందరికీ ఓ మాదిరిగా పనికివచ్చే వస్తువైంది. ఈ అభిరుచి వెనుక ఉన్న అసంతృప్తికి మూలం అక్కడే ఉన్నది.

సైన్యానికి కొయ్య ఎంత అవసరమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మొదటి ప్రపంచయుద్ధంలో అక్రోటు కొయ్య తుపాకులకూ విమానాల ముందు తిరిగే రెక్కలకూ కూడా కావలసి రాగా, అమెరికాలో బాయ్ స్కౌట్లు ఊరూరా తిరిగి నిలిచి ఉన్న నల్ల అక్రోటు చెట్లను లెక్కించి, రెండు కోట్ల బోర్డు అడుగులకు పైగా కొయ్యను గుర్తించారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక ఒక బోర్డు అడుగు. ఆ చెట్లలో ఎన్నో ఇళ్ల పెరళ్లలో, పొలం గట్ల మీద పెరిగినవే.

1903లో అమెరికా సైన్యం స్వీకరించిన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌తో ఈ అభిరుచి చరిత్ర స్పష్టమైన రూపం పొందింది. దాని యంత్రభాగం జర్మనీలోని మౌజర్ నమూనాను అనుసరించినది, బలమైనది, గురి తప్పనిది. కాని కొయ్య మాత్రం గొట్టం చివరి దాకా సాగి, పైన మరో కొయ్య తొడుగుతో, బయొనెట్ అమర్చే ఇనుప పట్టీలతో, పిడికిలికి వంపు లేని సూటి మెడతో, సిపాయికే తప్ప వేటగానికి నప్పనిదిగా ఉండేది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ తన కోసం ఆయుధశాలలోనే వేట కొయ్య అమర్చిన స్ప్రింగ్‌ఫీల్డ్‌ను చేయించుకొని 1909లో ఆఫ్రికా వేటకు తీసుకువెళ్లాడు. 1910లో లాస్ ఏంజిలిస్‌లోని లుడ్విగ్ వుండ్‌హామర్ అనే తుపాకీ పనివాడు రచయిత స్టూవర్ట్ ఎడ్వర్డ్ వైట్‌కు ఇదే రైఫిల్‌ను కొత్త కొయ్యతో అమర్చి ఇచ్చాడు. పిడికిలి మెడ కుడివైపు అరచేతి గుంటలో నిండేలా అతడు వదిలిన చిన్న ఉబ్బును నేటికీ వుండ్‌హామర్ ఉబ్బు అనే పిలుస్తారు. న్యూయార్క్‌లో బీరువాలు, మేజాలు చేసే వడ్రంగి సీమోర్ గ్రిఫిన్, రూజ్‌వెల్ట్ ఆఫ్రికా గ్రంథంలో స్ప్రింగ్‌ఫీల్డ్ గురించి చదివి ఒక రైఫిల్ కొని, అక్రోటు పలక సంపాదించి తన కోసం స్టాక్ చెక్కుకొన్నాడని, అది చూసినవారు తమకూ చేయమని అడగడంతో ఆ పని వృత్తిగా మారిందని అతడి సంస్థ చరిత్ర చెబుతుంది. సైనికాధికారి, రచయిత టౌన్‌సెండ్ వీలెన్ పరిచయం చేయగా జేమ్స్ హౌతో కలిసి 1923లో అతడు స్థాపించిన గ్రిఫిన్ అండ్ హౌ సంస్థ అమెరికన్ వేట రైఫిల్ రూపానికి ప్రమాణమైంది. హౌ కొద్ది నెలలకే విడిపోయాడు; పేరు మాత్రం నిలిచింది. ఆ ప్రమాణం నెలకొల్పిన గ్రిఫిన్ తుపాకుల వాడు కాక ఇంటి సామాను చేసే వడ్రంగి కావడం గమనించదగినది: స్ప్రింగ్‌ఫీల్డ్ ఉక్కుకు కొత్తగా చేయవలసింది తక్కువ, లోటంతా కొయ్యలోనే ఉన్నది.

ధనవంతులకు గ్రిఫిన్ ఉండగా, మిగిలినవారికి ప్రభుత్వమే ముడిసరుకు అందించింది. పౌరులకు గురి అభ్యాసం నేర్పితే యుద్ధకాలంలో పనికివస్తారనే ఉద్దేశంతో 1903లో ఒక జాతీయ మండలి ఏర్పడింది. 1905 నాటి చట్టం మిగులు సైనిక రైఫిళ్లను గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులకు అసలు ధరకు అమ్మడానికి అనుమతించింది. 1916లో పౌర గురి అభ్యాస సంచాలకుని కార్యాలయం వచ్చింది. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ సభ్యులు ఈ దారిలో పాత క్రాగ్ రైఫిళ్లను, స్ప్రింగ్‌ఫీల్డ్‌లను, యుద్ధకాలంలో 20 లక్షలకు పైగా తయారైన 1917 నమూనా ఎన్‌ఫీల్డ్‌లను చౌకగా తెప్పించుకొన్నారు. కొన్నవారిలో చాలామందికి యంత్రశాల లేదు. ఉలి, ఆకురాయి, ఉప్పు కాగితం మాత్రం అందరికీ దొరికేవే. లోహపు పని జోలికి పోకుండా కొయ్య దగ్గరే ఆగిపోయే అభిరుచి ఇలా పెరిగింది.

దానికి పాఠాలు చెప్పే పుస్తకాలు వెంటనే వచ్చాయి. థామస్ శామ్‌వర్త్ అనే ప్రచురణకర్త ఈ విషయానికే అంకితమై నడిపిన సంస్థ 1928లో క్లైడ్ బేకర్ రచన ‘మోడర్న్ గన్‌స్మితింగ్’ ప్రచురించింది. 1934లో జేమ్స్ హౌ ‘ది మోడర్న్ గన్‌స్మిత్’ వచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని బ్రయంట్ అనే చిన్న ఊరి స్టాక్ పనివాడు ఆల్విన్ లిండెన్ తన పద్ధతులను బొమ్మలతో రాసిపెట్టాడు. 1952లో మాంటీ కెనెడీ స్టాక్‌ల మీద గళ్లు కోయడం, నగిషీ చెక్కడం గురించి ప్రత్యేక గ్రంథమే వెలువరించాడు. గురువు దగ్గర ఏళ్ల తరబడి కూర్చొని నేర్చుకొనే విద్య ఈ పుస్తకాల వల్ల సాయంత్రాలు ఖాళీగా ఉన్న ఉద్యోగి వంటింటి బల్ల మీదికి వచ్చింది. యూరపులో ఈ పని వృత్తి సంఘాల గుప్పిట్లో ఉండిపోగా అమెరికాలో అభిరుచి కాగలగడానికి చౌక రైఫిళ్లు ఎంత కారణమో ఈ పుస్తకాలూ అంతే కారణం.

పనిలోకి వెళితే, అన్నిటికంటే కష్టమైనది ఉక్కు భాగం కొయ్యలో ఇమిడే గూడు తొలచడం. గొట్టానికీ, రిసీవర్ అనే ఉక్కు దిమ్మకూ దీపపు మసిని నూనెలో కలిపి పలుచగా పూసి, కొయ్యలో కూర్చి తీస్తే, ఎక్కడ రాసుకొంటుందో అక్కడ నల్లని మచ్చ పడుతుంది. ఆ మచ్చ పడ్డ చోట మాత్రమే ఉలితో పొరలు తీసి, మళ్లీ మసి పూసి, మళ్లీ కూర్చి చూడాలి. ఈ క్రమం వందల సార్లు సాగిన తరువాత గాని ఉక్కు కొయ్యలో వెంట్రుక సందు లేకుండా కూర్చోదు. ఇది అందం కోసం చేసే పని కాదు. పేలినప్పుడు రిసీవర్ అడుగున ఉండే మొండి భాగం కొయ్యను వెనుకకు తన్నుతుంది కాబట్టి, ఆ ఆనుడు సమంగా లేకపోతే కొయ్య చీలుతుంది, గురి చెదురుతుంది. తరువాతి కాలంలో ఎపాక్సీ జిగురు పోసి గూటిని నింపే పద్ధతి వచ్చి ఈ కష్టాన్ని చాలావరకు తగ్గించింది. పాతకాలపు పనివారు దానిని చిన్నచూపు చూశారు గాని, గట్టి నిజం ఏమంటే జిగురు పోసిన స్టాక్ తేమకు తక్కువగా కదులుతుంది.

ఆకారానికి సంబంధించిన కొలతలు శరీరాన్ని బట్టి మారుతాయి. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే పలక వరకు ఉన్న దూరం స్ప్రింగ్‌ఫీల్డ్ సైనిక కొయ్యలో దాదాపు 13 అంగుళాలు. మందపాటి కోటు వేసుకొన్న సిపాయికి అది చాలినా, పలుచని చొక్కాతో కాల్చే పొడగరికి చాలదు. చెంప ఆనే పైఅంచు ఎత్తు మరో ముఖ్య కొలత. గొట్టం మీద తక్కువ ఎత్తులో ఉండే ఇనుప గురికి సరిపోయేలా సైనిక కొయ్య అంచు కిందికి వాలి ఉండేది. రైఫిల్ మీద దూరదర్శిని అమర్చడం వాడుకలోకి వచ్చాక కన్ను పైకి లేవవలసివచ్చి, చెంపకు ఆధారం లేకుండా పోయింది. కొయ్య మార్చుకోవడానికి చాలామంది చెప్పుకొన్న సౌందర్య కారణాల వెనుక ఉన్న అసలు అవసరం ఇదే.

మెడ మీదా, ముందుచేయి పట్టే చోటా సన్నని గీతలను ఏటవాలుగా రెండు దిక్కులలో కోసి, చిన్న వజ్రాకారపు గళ్ల వరసలు తేవడాన్ని చెకరింగ్ అంటారు. తడి చేతికి పట్టు ఇవ్వడం దాని ప్రయోజనం. అంగుళానికి 18 నుంచి 24 గీతల వరకు కోసే ఈ పనిలో ఒక గీత జారితే దానిని దాచే మార్గం లేదు. కెనెడీ పుస్తకం కొన్నవారు ఎందరో, పని పూర్తిచేసినవారు కొందరే అయి ఉంటారని అనుకోవడం తప్పు కాదు.

ఇక నూనె. అవిసె గింజల నూనె గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని మెల్లగా గట్టిపడుతుంది కనుక బ్రిటిష్, అమెరికన్ సైన్యాలు కొయ్యను కాపాడడానికి దానినే వాడాయి. ఇంగ్లండు పనివారు ఉత్తర భారతంలో రతన్‌జోత్ అని పిలిచే ఎర్రరంగు వేరును పోలిన ఆల్కనెట్ వేరును అందులో నానబెట్టి, అక్రోటుకు ఎర్రని ఛాయ తెచ్చేవారు. మొదట కొయ్యను తడిపి, లేచిన సన్నని నారలను అతి నున్నని ఉప్పు కాగితంతో తీసివేసి, నూనెను అరచేతితో వేడి పుట్టేదాకా రుద్దాలి. వారం పాటు రోజుకొకసారి, నెల పాటు వారానికొకసారి, ఏడాది పాటు నెలకొకసారి రుద్దాలనే నానుడి ఈ అభిరుచి గలవారందరికీ కంఠతా వచ్చు. దానిని అక్షరాలా పాటించినవారు తక్కువే. అంతకంటే తప్పక గుర్తుంచుకోవలసినది మరొకటున్నది: గట్టిపడేటప్పుడు ఈ నూనె వేడిని విడుదల చేస్తుంది, కాబట్టి నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే అవి తమంతట తామే అంటుకొంటాయి. వాటిని విడదీసి ఆరవేయాలి, లేదా నీటిలో ముంచి ఉంచాలి.

కొయ్య మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు ఉక్కును మరచిన ఘట్టం కూడా ఈ చరిత్రలో ఉన్నది. 1918కి ముందు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో ఉక్కును కాల్చి గట్టిపరచేటప్పుడు వేడిని పనివాడు రంగు చూసి కంటితో అంచనా వేసేవాడు; అందువల్ల కొన్ని రిసీవర్లు పెళుసుబారి పేలిపోయాయి. 8,00,000 కంటే తక్కువ సంఖ్య గల స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లను కాల్చరాదనే హెచ్చరిక అప్పటి నుంచి వింటూనే ఉన్నా, ఆ పెళుసు ఉక్కు మీద అద్భుతమైన సర్కేషియన్ కొయ్య తొడిగిన రైఫిళ్లు నేటికీ వేలంపాటలకు వస్తాయి.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సిపాయిలు తెచ్చుకొన్న జర్మన్ మౌజర్లతో ఈ అభిరుచికి రెండో ప్రవాహం వచ్చి చేరింది. సైనికుని సంచిలో పట్టడానికి చాలామంది రైఫిల్ కొయ్యను ఇనుప పట్టీ కింద రంపంతో కోసి రెండు ముక్కలు చేశారు. సంచి పేరు మీదనే డఫెల్ కోత అని పిలిచే ఈ గాయం నేడు ఆ రైఫిల్ నిజంగా యుద్ధభూమి నుంచి ఒక సిపాయి వెంట వచ్చిందనడానికి సాక్ష్యంగా చెల్లుతున్నది. 1953లో శామ్యూల్ కమ్మింగ్స్ స్థాపించిన ఇంటరామ్‌కో వంటి సంస్థలు ప్రపంచమంతటి సైనిక గిడ్డంగులను కొని, వర్జీనియాలోని అలెగ్జాండ్రియా రేవులో దించి, పత్రికా ప్రకటనల ద్వారా తపాలాలో అమ్మాయి. కొయ్య పనివారికి మిస్సోరీ రాష్ట్రంలోని వార్సా అనే ఊరు కేంద్రమైంది. నల్ల అక్రోటు విస్తారంగా దొరికే ఆ ప్రాంతంలో బిషప్, ఫాయెన్ అనే రెండు సంస్థలు గూడు చాలావరకు తొలిచి ఉంచిన స్టాక్‌లను దేశమంతటికీ పంపేవి. కొన్నవారు మిగిలిన కొంచెం తొలిచి, నూనె రుద్దుకొంటే చాలు. నూటికి తొంభై పాళ్లు యంత్రం చేసిన దానిని స్వహస్తాలతో చేశామని చెప్పుకొనే అవకాశం ఆ తపాలా పెట్టెలో కలిసి వచ్చేది.

ఈ కాలంలోనే రెండు సంప్రదాయాలు ఎదురెదురుగా నిలిచాయి. కాలిఫోర్నియాలోని సౌత్ గేట్‌లో 1945లో వ్యాపారం మొదలుపెట్టిన రాయ్ వెదర్బీ, చెంప దగ్గర ఎత్తుగా లేచి వంపు తిరిగిన అంచు, ముందు కొసన వేరే రంగు కొయ్య, మధ్యలో తెల్లని ప్లాస్టిక్ గీతలు, అద్దంలా మెరిసే పూతతో కొత్త శైలి తెచ్చాడు. ‘అవుట్‌డోర్ లైఫ్’ పత్రికలో తుపాకుల శాఖ నడిపిన జాక్ ఓకానర్, స్పోకేన్ నగరపు ఆల్ బీసెన్ చేత చేయించుకొన్న సాదా గీతల, మసక నూనె పూత స్టాక్‌లను ఆదర్శంగా చూపాడు. జనం మొదట వెదర్బీ వైపు మొగ్గి, పెరట్లో కోసిన మౌజర్ల మీద కూడా తెల్ల గీతలు అతికించుకొన్నారు. కాలం మాత్రం ఓకానర్ వైపే తీర్పు చెప్పింది; అప్పటి తెల్లగీతల రైఫిల్ నేడు తన పుట్టిన దశకాన్ని దాచుకోలేక ఇబ్బంది పడుతుంది.

1963లో అధ్యక్షుడు కెనెడీ హత్యకు వాడిన ఇటలీ సైన్యపు కార్కానో రైఫిల్, దూరదర్శినితో సహా 19 డాలర్ల 95 సెంట్లకు షికాగోలోని ఒక దుకాణం నుంచి తపాలాలో కొన్నదే. 1968 అక్టోబరులో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం రాష్ట్రాల మధ్య తపాలా అమ్మకాలను ఆపి, విదేశీ సైనిక మిగులు దిగుమతిని నిషేధించింది. అదే కాలంలో కర్మాగారాలు చౌకగా వేట రైఫిళ్లు చేయసాగడంతో, పాత రైఫిల్ కొని కొయ్య మార్చుకోవడం లాభసాటి కాకుండా పోయింది. సైన్యమే ప్లాస్టిక్ స్టాక్ ఉన్న ఎం-16కు మారింది. ముప్పై డాలర్ల లోపు దొరికిన నాళ్లలో చెత్తగా కనిపించిన సైనిక కొయ్యకు, దొరకడం మానేసిన తరువాతే విలువ వచ్చింది. కోయనివి తక్కువ మిగలడానికి కారణం అంతకుముందు తరం రంపాలే. 1980లలో చట్టం సడలి, యాభై ఏళ్లు దాటిన రైఫిళ్లను పురావస్తువులుగా తెచ్చుకోనిచ్చినా, అవి మొదటి సైనిక రూపంలోనే ఉండాలనే షరతు పెట్టింది. మార్చని కొయ్యకు ఆ విధంగా చట్టమే ఒక విలువ కట్టింది.

దీనితో పనితనం తలకిందులైంది. పూర్వం మొదటి పని ఉప్పు కాగితం పట్టడం. ఇప్పుడు అదే మొదటి నేరం. అమెరికన్ సైనిక స్టాక్ ఎడమవైపు చతురస్రపు గీతలో తనిఖీదారు పొడి అక్షరాలు, కొన్నిసార్లు సంవత్సరం, ట్రిగ్గర్ వెనుక మెడ అడుగున వలయంలో పి అనే పరీక్ష ముద్ర ఉంటాయి. వాటి లోతు కొద్దిపాటిదే కనుక కొన్ని నిమిషాల గీకుడుతో అవి మాయమవుతాయి. వాటి విలువకు ఒక నిదర్శనం: ప్రసిద్ధ తుపాకీ రచయిత ఎల్మర్ కీత్ యుద్ధకాలంలో యూటా రాష్ట్రపు ఆగ్డెన్ ఆయుధశాలలో తనిఖీదారుగా పనిచేశాడు, ఓజీఈకే అనే అతడి ముద్ర ఉన్న స్టాక్‌ను కొనేవారు ఆ నాలుగు అక్షరాలకే అదనపు ధర ఇస్తారు.

ఇప్పటి పద్ధతులు అందుకే నెమ్మదైనవి. సొట్ట పడిన చోట నారలు నలిగాయే తప్ప తెగలేదు కాబట్టి, తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి ఉబ్బి పైకి లేస్తాయి. నార తెగిన గాటుకు ఈ వైద్యం పనిచేయదు. దశాబ్దాల తుపాకీ నూనె, నిల్వకోసం పూసిన కాస్మొలిన్ అనే జిడ్డు కొయ్యలో ఇంకి ఉంటే, సుద్దపొడి పేస్టు పూసి ఎండలో పెట్టి లాగివేస్తారు. ఇనుము తగిలి నల్లబడిన మరకలకు ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. 1990లలో సోవియట్ గిడ్డంగుల నుంచి వచ్చిన మోసిన్ రైఫిళ్లకు లక్క పూత ఉండేది. దానిని గీకి అవిసె నూనె రుద్దినవారు చరిత్రను బాగుచేయలేదు, అమెరికన్ రుచిని దాని మీద రుద్దారు. అన్నిటికంటే నేర్పు కావలసింది, పూర్వులు కోసిన ముందు భాగాన్ని తిరిగి అతకడం: మరో పాడైన స్టాక్ నుంచి నార, రంగు కలిసే ముక్కను తెచ్చి, లోపల కొయ్య మేకు దించి, కీలు పట్టీ కింద పడేలా జిగురుతో కలుపుతారు.

భారతీయ రైఫిల్ ఒకటి ఈ కథలో ఉన్నది. తెలుగు నాట పోలీసుల చేతిలో దశాబ్దాలు కనిపించి త్రీ నాట్ త్రీ అనే పేరు పొందిన లీ-ఎన్‌ఫీల్డ్‌ను పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం తయారుచేసింది. 1960లలో దానినే 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చి 2ఏ1 నమూనా తెచ్చింది. ముందు కొయ్య చీలకుండా అక్కడ అడ్డంగా దించిన మరమేకును అమెరికన్ సేకర్తలు ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. ఈ జాతి రైఫిల్‌కు వెనుక కొయ్య వేరే ముక్కగా పొడవాటి బోల్టుతో బిగుస్తుంది. సిపాయి చేతి పొడవును బట్టి నాలుగు కొలతలలో చేసి, ఆ కొలత అక్షరాన్ని కొయ్య మీద ముద్రించేవారు. అమెరికన్ వేటగాడు రైఫిల్ కోసి సాధించుకొన్న సౌకర్యాన్ని బ్రిటిష్ సైన్యం గిడ్డంగిలోనే ఉంచిందన్నమాట. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికే కాక దానిని మరమ్మతు చేయడానికీ, మార్చడానికీ లైసెన్సు కావాలి. 2019 సవరణ ఒక వ్యక్తికి రెండుకు మించి తుపాకులు ఉండరాదన్నది. అభిరుచిగా ఇది ఇక్కడ వేళ్లూనకపోవడానికి మరో కారణం వెతకనవసరం లేదు.

అమెరికాలో ఇప్పుడు కొత్త చిక్కు తలెత్తింది. సైనిక రూపం మీది మోజుతో కొందరు 1920లలో నిపుణులు కొయ్య తొడిగిన స్ప్రింగ్‌ఫీల్డ్‌లను కూడా విప్పి, వాటికి సైనిక స్టాక్‌లు తిరిగి బిగిస్తున్నారు. పెరట్లో రంపం పట్టినవాడు పాడుచేసిన రైఫిల్‌కు ఇది న్యాయమే. వుండ్‌హామర్, గ్రిఫిన్, లిండెన్ చేతుల మీదుగా వచ్చిన రైఫిల్ విషయంలో మాత్రం ఇది రెండో విధ్వంసం. ఆ స్టాక్ వయసు కూడా నూరేళ్లకు చేరుతున్నది, సైనిక కొయ్యకంటే అది ఎంతో అరుదైనది.

వార్సాలోని రెండు సంస్థల కర్మాగారాలూ గత శతాబ్దం ముగిసేసరికి మూతపడ్డాయి. ప్రభుత్వ మిగులు గారండ్ రైఫిళ్లను నేడు పౌరులకు అమ్ముతున్న సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్, పనికివచ్చే పాత కొయ్య చాలక, వాటిలో చాలావాటికి కొత్తగా చేయించిన అమెరికన్ అక్రోటు స్టాక్‌లు తొడిగి అమ్ముతున్నది.